ఒహాయో యొడ్డున రెండు దినములు

మా కుమార్తె కాపురముండు సిన్సినాటి నగరమునుండి ఒహాయో నది వెంబడి తూర్పుగా ఇంచుమించు 50 మైళ్లు పోయినచో రిప్లే యను చిన్న యూరు వచ్చును. అది బ్రౌన్ కౌంటీలోనిది. కౌంటీ యనగా మన జిల్లావంటిదని చెప్పుకొందుము గాని, జనసంఖ్యను బట్టి చూచినచో అది మన యొక పెద్ద మండలముపాటి చేయదు. 2020 జనాభా లెక్కలలో కౌంటీ యంతటికిని 43,676 మంది. రిప్లేలో రెండు వేలమందియైనను లేరు. జనము పలుచనైన చోట చరిత్రయు పలుచనగానే యుండునని తలచి, ఉదయము పోయి దీపాలవేళకు తిరిగిరావచ్చునని పులిహోర పొట్లములు కట్టుకొని బయలుదేరితిమి. రెండు దినములు పట్టినది. పులిహోర మొదటి పూటకే చెల్లిపోయినది.

గోదావరి యొడ్డున పుట్టినవారికి ఇతర నదులను చూచినప్పుడు ఒక విధమైన చిన్నచూపు కలుగును. ఆ జబ్బు మాకును గలదు. రిప్లేలో కారు దిగి నదిని చూచి, "ఇంతేనా!" అంటిమి. ఆ మాత్రపు వెడల్పును పూర్వము లేదని మా యల్లుడు చెప్పెను. దిగువను మెల్డాల్ అను చోట 1960 ప్రాంతములందు ఆనకట్ట కట్టిన పిమ్మట నీరు నిలిచి నది విశాలమైనదట. అంతకుముందు వేసవిలో చిక్కిపోవుచు, గట్టి శీతకాలమున గడ్డకట్టుచు నుండెడిదట. ఇప్పుడు బొగ్గు మోయు పొడవైన బల్లకట్ల వరుసలు తొందరలేకుండ సాగిపోవుచున్నవి. ఆవలి గట్టున కెంటకీ కొండలు పచ్చగా నున్నవి. ఆ పచ్చదనమును చూచి, ఆ గట్టొక దేశము, ఈ గట్టొక దేశముగా ఉండినవని ఎవరును ఊహింపజాలరు.

ఈ నది యెవరిది? చదువరులకు ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. నది రెండు సీమల నడుమ పారునపుడు సరిహద్దు నడినీట నుండుట లోకాచారము. ఇక్కడ అట్లు కాదు. వర్జీనియావారు ఉత్తరపు భూములను వదలుకొన్నపుడు నదిని వదలుకొనలేదు. 1792లో వర్జీనియానుండి చీలి కెంటకీ యేర్పడినపుడు నది దాని పాలికి వచ్చినది. 1980లో సుప్రీం కోర్టు సైతము 1792 నాటి ఉత్తరపు యొడ్డు నీటిగీతయే సరిహద్దని తీర్పు చెప్పెను. ఇది నేడు చేపలు పట్టువారి తగవు. ఆనాడు ప్రాణముల తగవు. 1787 నాటి శాసనము నదికి ఉత్తరమున బానిసత్వము కూడదనినది. కెంటకీలో బానిసత్వము చట్టసమ్మతము. అనగా పారివచ్చిన బానిస నదినంతయు ఈది, గట్టు మూరెడు దూరమున నున్నంతవరకును బానిసయే. బురదలో కాలు మోపిన పిమ్మటనే మనిషి.

మోపిన పిమ్మటనైనను ఎంత మనిషి? ఆ 1787 శాసనమే పారిపోయిన వారిని యజమానులు వచ్చి పట్టుకొనిపోవచ్చునని మరియొక చేత వ్రాసినది. ఒహాయో 1803లో రాష్ట్రమైనది. మరుసటి యేడే నల్లవారు స్వతంత్రులమని పత్రము చూపవలెనని చట్టము చేసినది. 1807లో ఐదు వందల డాలర్లకు హామీ కూడ అడిగినది. ఈ చట్టములలో పెక్కులు 1849 వరకును రద్దు కాలేదు. ఆ మరుసటి సంవత్సరము, 1850లో, పారిపోయిన బానిసకు సాయపడిన వారికి వేయి డాలర్ల వరకు జుల్మానాయు ఆరు నెలల వరకు చెరయు విధించు దేశ చట్టము వచ్చినది. కాబట్టి ఈ గట్టు చేరుట గమ్యము కాదు. కెనడా చేరువరకును ప్రయాణమే. ఆ ప్రయాణమునకు మొదటి మజిలీ రిప్లే.

ఊరి ముందు వీధి నది కెదురుగా నుండును. ఇటుక యిండ్లు ఒకదాని నొకటి ఆనుకొని, పేరంటాండ్రు బారుతీరి కూర్చున్నట్లుండును. 1812లో జేమ్స్ పోగ్ అను నతడు ఈ యూరు కట్టించెను; బానిసత్వము గిట్టక ఈ గట్టు చేరినవాడని చెప్పుదురు. 1816లో ఒక సేనాని పేర ఊరికి రిప్లే యని నామకరణమైనది. పడవలు కట్టుట, పందిమాంసము ఉప్పువేసి ఎగుమతి చేయుట యనువానివలన ఊరు కలిమి గాంచినది. 1937 జనవరిలో ఒహాయో లోయ నంతటిని ముంచిన వరద ఈ వీధిని విడువలేదు. వరద గుర్తులు చూపబోయిన యొక వృద్ధునితో మేము 1986 నాటి గోదావరి వరద చెప్పితిమి. ఆయన మర్యాదకు విని, తన వరదకే తిరిగిపోయెను.

ఈ వీధి కొసను జాన్ పార్కర్ యిల్లు గలదు. లోకము రిప్లే యనగా ముందుగా తెల్లవాడైన రాంకిను పేరు చెప్పును. మాకు మాత్రము ముందు పార్కరును గూర్చి చెప్పవలెనని యున్నది. అతడు 1827లో వర్జీనియాలోని నార్ఫోకులో బానిసగా పుట్టెను. ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లినుండి వేరుచేసి అమ్మిరి. సంకెళ్లతో నడిపించి అలబామాలోని మొబీలుకు తెచ్చిరి. అచ్చట కొన్నవాడొక వైద్యుడు. ఆయన కొడుకులు దొంగచాటుగా ఇతనికి చదువు చెప్పిరి. ఇనుము పోతపోయు కార్ఖానాలలో పని నేర్చి, కూలి కూడబెట్టి, 1845లో 1,800 డాలర్లిచ్చి తన్ను తానే కొనుక్కొనెను. తన్ను తాను కొనుక్కొనుట యను మాటను మేము మా మనుమరాలికి తెలుగులో చెప్పుటకు మూడు సార్లు ప్రయత్నించితిమి. "కొన్నదెవరు తాతయ్యా, అమ్ముడైనదెవరు?" అని ఆ పిల్ల మరల మరల అడుగుచునే యుండెను.

ఇతడు రిప్లేలో కాపురము పెట్టి, నదియొడ్డుననే సొంత పోతకార్ఖానా స్థాపించెను. పగలు యజమాని, రాత్రి పడవ వేసికొని కెంటకీకి పోవువాడు. పట్టుబడినచో తిరిగి బానిసత్వమో, ఉరియో. ఒక యజమాని తన బానిస దంపతులు పారిపోకుండ వారి పసిబిడ్డను రాత్రులు తన పడకగదిలో మంచము దగ్గర పరుండబెట్టుకొని, పిస్తోళ్లు చేరువ నుంచుకొని నిద్రించుచుండెనట. పార్కరు చీకటిలో ఆ గదిలోనికి ప్రాకి, బిడ్డను తీసికొని, ఆ యింటి వెలుపలికి పరుగెత్తి, తల్లిదండ్రులతో సహా నది దాటించెను. ఈ సంగతులను 1880 తరువాత ఒక పత్రికారచయిత అతని నోట విని వ్రాసికొనెను. ఆ వ్రాతప్రతి యొక విశ్వవిద్యాలయపు అరలలో నిద్రించి, 1996లో గాని పుస్తకరూపమున వెలువడలేదు.

పార్కరు తాను దాటించిన వారి పేర్లు ఒక చిట్టాలో వ్రాసికొనుచుండెను. 1850 చట్టము రాగానే, ఆ చిట్టాయే తనకును ఇల్లాలు పిల్లలకును ఉరిత్రాడగునని తలచి, దానిని తన కార్ఖానా కొలిమిలోనే వేసెను. అందు 300 పైచిలుకు పేర్లుండెనట. దాటించు పని మాత్రము మానలేదు. యుద్ధానంతరము 1884లో పొగాకు అదుము యంత్రమునకు, మరికొన్నాళ్లకు మట్టిగడ్డలు చిదుపు యంత్రమునకు పేటెంట్లు పొందెను. ఆ కాలమున నల్లవారికి ఇట్టివి లభించుట మిక్కిలి యరుదు. పిల్లలను పై చదువులకు పంపి 1900లో మరణించెను. ఇంత చేసిన వాని యిల్లు చిరకాలము పాడువడి, 1990 తరువాత గాని బాగుపడలేదు. కొండమీది రాంకిను ఇంటికి అంతకు ఎన్నో యేండ్ల ముందే మరమ్మతు జరిగినది. ఈ తేడాను మేము కనిపెట్టితిమి. మాకు చూపించిన ఆమెయు దాచలేదు.

ఇక కొండ. ఊరి వెనుక గోడవలె లేచిన మిట్టమీద చిన్న ఇటుక యిల్లు. జాన్ రాంకిను అను ప్రెస్బిటేరియను మతాచార్యుడు 1822లో ఈ యూరు చేరి, కొన్నేండ్లు క్రింద వీధిలో నుండి, తరువాత ఈ యిల్లు కట్టుకొనెను. పదుమువ్వురు బిడ్డలు. వర్జీనియాలోని తన సోదరుడు బానిసలను కొన్నాడని విని మనసు నొచ్చి, ఆయనకు వరుసగా లేఖలు వ్రాసి ఊరి పత్రికలో అచ్చువేయించెను. అవి 1826లో పుస్తకమైనవి. చివరకు సోదరుడు బానిసలను విడిచిపెట్టెను. మనలో సంస్కరణము సాధారణముగా ప్రక్కయింటివానితో మొదలగును. ఈయన సొంత యింటివానితో మొదలు పెట్టెను. ఇది మాకు నచ్చినది, కొంచెము గుచ్చుకొన్నది కూడ.

రాత్రులు కిటికీలో దీపము పెట్టెడివారనియు, స్తంభమునకు లాంతరు వ్రేలగట్టెడివారనియు రెండు విధములుగా చెప్పుదురు. ఏదియైనను ఆవలి గట్టుకు కనబడవలెను. 1838 శీతకాలమున ఒక తల్లి బిడ్డను చంకనిడుకొని, కరగుచున్న మంచుపలకలమీద పడుచు లేచుచు నది దాటి ఈ యింటికి చేరెను. గట్టున బహుమానపు సొమ్ముకై కాచియున్న బానిసల వేటగాడే ఆమెను చూచి చలించి, కొండమీది యిల్లు చూపెనందురు. రాంకిను చెప్పిన ఈ కథనే హారియెట్ బీచర్ స్టో తన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నవలలో వాడుకొనెను. 1852లో అది లోకమును కదిలించినది. 1841లో ఈ యింటిమీదికి రాత్రివేళ తుపాకులతో వచ్చిరి. రాంకిను కొడుకులు తుపాకులతోనే ఎదుర్కొనిరి. శాంతి బోధించు ఇంటిలో తుపాకులుండెనా యని మా గృహిణి సందేహించెను. ఉండినవి.

నదివైపునుండి కొండకు మెట్లున్నవి. పాతవి పోగా తిరిగి కట్టినవి. లెక్కపెట్టుదమని మొదలిడి, ఊపిరి యందక, నడుమ లెక్క తప్పితిమి. సగములో కూర్చుండి క్రిందికి చూచుచుండగా మనుమరాలు, "మన యింట్లో ఐతే దీపము పెట్టెడివారమా తాతయ్యా?" అని యడిగెను. పదకొండేండ్ల పిల్ల, ఊరకనే యడిగినది. మేము మాటాడలేదు. మాకు జ్ఞప్తికి వచ్చిన దిది.

1961లో మాకు తొమ్మిదేండ్లు. గోదావరి పాయ యొడ్డున లంక గ్రామము. మా తాతగారు బాల్యమున రాజమహేంద్రవరములో వీరేశలింగం పంతులుగారిని కన్నులార చూచినవారు. మా యింటి చావడిలో ఒక వితంతు వివాహము చేయించి, బంధువుల వెలికి లోనై, చలింపనివారు. వానకాలపు రాత్రి పశువుల కొట్టములో అలికిడియైనది. లాంతరు పట్టుకొని తాతగారి వెంట పోతిమి. గడ్డిలో ఒక కుర్రవాడు, మాకన్న నాలుగైదేండ్లు పెద్ద, తడిసి ముద్దయై వణకుచుండెను. ఆవలి యూరి కామందు వద్ద తండ్రి చేసిన అప్పు క్రింద పాలేరుగా నుండువాడు. కొట్టగా పారివచ్చినాడు. వీపు మేము చూచితిమి.

"ఒరే అబ్బీ, అప్పెంత?" అని తాతగారడిగిరి. "నాకు తెలియదండి బాబుగారూ, మా అయ్యకే తెలుసునండి" అనెను. అమ్మమ్మ అన్నము పంపెను, ఆకులో, కొట్టములోనికే. తుడుచుకొనుటకు కొత్త తువాలు ఇచ్చెను. తెల్లవారిన పిమ్మట తాతగారు కావలివాని తోడిచ్చి ఆ పిల్లవానిని కామందు వద్దకే పంపిరి. కొట్టవద్దని చీటి కూడ వ్రాసి యిచ్చిరి. "మాట యిచ్చి తీసికొన్న అప్పు, మనమడ్డుపడుట న్యాయము కాదు" అని అమ్మమ్మతో అన్న మాట మాకు వినబడినది. రేవు దాక మసక చీకటిలో లాంతరు పట్టుకొని దారి చూపినది మేమే. పడవ యెక్కబోవుచు ఆ కుర్రవాడు భుజముమీది తువాలు తీసి, మడిచి, మా చేతికిచ్చెను. "ఎత్తుకొచ్చాననుకొంటారండి" అనెను. ఏడ్వలేదు.

వెట్టిని నిషేధించు చట్టము 1976లో వచ్చినది. తాతగారు అప్పటికి లేరు. ఆ యుదయము ఆయనను నిర్బంధించిన చట్టమేదియు లేదు. వేయి డాలర్ల జుల్మానా లేదు. తుపాకులతో కొట్టము మీదికి వచ్చువారు లేరు. ప్రక్క యూరి పెద్దమనిషితో మనస్పర్ధ, అంతియే. మేము తాతగారిని మిక్కిలి ప్రేమించితిమి, ఇప్పటికిని ప్రేమింతుము. మనుమరాలికి ఇదంతయు చెప్పితిమి. ఆ పిల్ల విని, మిగిలిన మెట్లు తానొక్కతెయే ఎక్కిపోయెను.

ఆ రాత్రి ఇంటికి పోలేదు. మరునాడు లోపలి గ్రామములు చూచితిమి. జార్జిటౌను కౌంటీకి ముఖ్యపట్టణము. తోళ్లు పదునుచేయు జెస్సీ గ్రాంటు 1823లో పసివాడైన కొడుకుతో ఇచ్చటికి వచ్చెను. ఆ కొడుకు తోళ్ల వాసన సహింపక, గుఱ్ఱములతో కాలము గడపి, 1838 శీతకాలమున రిప్లేలో చదువుకొని, 1839లో సైనిక పాఠశాలకు పోయెను. అతడే యులిసీస్ గ్రాంటు, బానిసల యుద్ధమున సేనాధిపతి, పిమ్మట దేశాధ్యక్షుడు. అతని చేతిలోనికి ఒక బానిస వచ్చుటయు, 1859లో డబ్బునకు ముడిపడియున్న దినములలో అమ్ముకొనక విడిచిపెట్టుటయు ఆ జీవితములోనివే. 1879లో లోకయాత్రలో మన దేశమును కూడ చూచిపోయెను.

త్రోవ పొడవున పొగాకు బారనులు. ఇప్పుడు చాల ఖాళీ. 1864లో ఈ కౌంటీలోనే హిగ్గిన్స్‌పోర్టు దగ్గర, కెంటకీనుండి తెచ్చిన విత్తనమునుండి పాలిపోయిన మొక్కలు మొలచినవట. పనికిమాలినవని పారవేయక పెంచగా అవియే తెల్ల బర్లీ పొగాకైనవి. మన గుంటూరు సీమ రైతులు బర్లీ యను మాట నెరుగుదురు. దాని పుట్టిల్లు ఇదియని మాకు మాత్రము తెలియదు. నిప్పు పెట్టక గాలికే ఆరబెట్టుదురు గనుక బారను గోడలకు నిలువు తలుపులుండును. 2004లో ప్రభుత్వపు కోటాలు ఎత్తివేసిన పిమ్మట చిన్న రైతులు పెక్కురు ఈ పంట మానిరి. సెయింట్ మార్టిన్ గ్రామమున 1845లో ఉర్సులైను సన్యాసినులు ఆడపిల్లలకు పెట్టిన విద్యాలయము, దానినుండి పుట్టిన కళాశాలయు ఉండినవి. కళాశాల మూతపడినది. బయటినుండి చూచి వచ్చితిమి.

రెడ్ ఓక్ లోని రాతి చర్చి దగ్గర ఎక్కువ సేపు నిలిచితిమి. ఆ శ్మశానమున జేమ్స్ గిల్లిలాండు అను బానిసత్వ విరోధియైన మతాచార్యుడు పండుకొనియున్నాడు. దూరముగా రోజా వాషింగ్టన్ రైల్స్ అను నల్ల స్త్రీ సమాధియు నున్నది. ఈ పల్లెల్లో 1901లో పుట్టిన ఆమె, ఆంట్ జెమైమా యను అట్లపిండి వ్యాపారమునకు వేషము కట్టి ఊరూర తిరిగెను, 1969లో చనిపోయెను. తలకు గుడ్డ కట్టి నవ్వుచు వడ్డించు దాసి యను ఆ బొమ్మ అవమానకరమని తలచి వ్యాపారులు 2021లో ఆ పేరు తీసివేసిరి. ఆమెకది జీవనోపాధి, గౌరవముతోనే చేసినదని ఊరివారు తలతురు. రెండును నిజములే యైనచో ఏమి చేయవలెనో మాకు తోచలేదు.

చివర గిస్టు భూములు. శామ్యుయెల్ గిస్టు అను వర్తకుడు లండనులో నుండి వర్జీనియాలో వందలకొలది బానిసలకు యజమాని. 1815లో మరణించెను; వారిని విడిపించుచున్నట్లు అంతకుముందే వీలునామా వ్రాసియుండెను. 1819లో వారికై ఈ కౌంటీలో రెండు చోట్ల కలిపి రెండు వేల యెకరములకు పైబడి భూమి కొనిరి. నీరు నిలిచి, బంకమన్ను, పంటకు రాని నేల. పెత్తనము ధర్మకర్తల చేతిలో. స్వేచ్ఛ నిచ్చిరి, భూమి నిచ్చిరి, కాని పండు భూమిని ఇవ్వలేదు, సొంతమని వ్రాసియు ఇవ్వలేదు. ఐనను అందు నిలిచినవారే తరువాత రాత్రివేళ పారివచ్చిన వారికి దారిచూపిరి. సార్డీనియాలోని మేహన్ అను మతాచార్యుని 1838లో ఒహాయో గవర్నరే కెంటకీవారికి పట్టియిచ్చినపుడు, ఆయన కెంటకీలో అడుగే పెట్టలేదని తేలి నేరము వీగిపోయెను. ఆయనతో పనిచేసిన నల్లవారిలో ఈ గిస్టు భూములవారుండిరి. ఇప్పుడచట మేము చూచినది ఒక ఫలకము, పొలములు, చేవ లేని గడ్డి.

కారు నది బాట పట్టునప్పటికి ప్రొద్దు క్రుంకినది. ఆవలి గట్టున దీపములు వెలిగినవి. చాలసేపటికి మనుమరాలు, "ఆ అబ్బాయి పేరేమి తాతయ్యా?" అని యడిగెను. పార్కరు వ్రాసికొని కాల్చివేసిన మూడు వందల పేర్ల మాట మా మనసున నుండెను.

"ఎవరమును అడుగలేదమ్మా" అంటిమి.